గొడుగులమ్మ, కండక్టరు, వెనక గది

"ఇంట్లో పావురాలున్నాయా?" అని అడిగింది లేడీ డాక్టరు.

"లేవమ్మా."

"కోళ్లు? చిలకలు? ఏవైనా పక్షులు?"

"పక్షులెక్కడివి తల్లీ, ఇంట్లో ఉండేది మేమిద్దరమే."

"ఎండుగడ్డి ఉంటుందా? తడిసిన గడ్డి, బూజు పట్టిన గింజలు, అలాంటివి?"

గొడుగులమ్మ చప్పున తల తిప్పింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద పడుకున్న మొగుడి వంక చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

"మాకు పశువుల్లేవమ్మా," అంది.

చూశారా తెలివి! డాక్టరు అడిగింది గడ్డి గురించి, ఈవిడ చెప్పింది పశువుల గురించి. పశువుల్లేని మాట నిజమే. కానీ సరిగ్గా ఆ సమయానికి వాళ్లింటి వెనక గదిలో తడిగడ్డి కూరిన ప్లాస్టిక్ సంచులు పైకప్పు నుంచి వరసగా వేలాడుతున్నాయి. వాటి పక్కలనుంచి ముత్యపు చిప్ప పుట్టగొడుగులు గుత్తులు గుత్తులుగా విచ్చుకుని ఉన్నాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. డాక్టరు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి పక్క మంచానికి వెళ్లిపోయింది.

ఎందుకు మింగిందో తెలియాలంటే ముందు ఆవిడెవరో తెలియాలి.

పెళ్లయిన నాటి నుంచి ఆవిడ వీధిలో అందరికీ 'కండక్టరు గారి ఆవిడ'. అంతే. ఆయన సిటీ బస్సులో కండక్టరు. తెల్లారకముందే డ్యూటీకి పోయేవాడు, వీధి దీపాలు వెలిగాక వచ్చేవాడు, అన్నం తింటూ తింటూనే కునికిపాట్లు పడేవాడు. పిల్లలు కలగలేదు. ఇల్లు ఊడ్చి, వండి, గోడలకేసి చూస్తూ కూర్చుంటే ఆవిడకి పొద్దు గడిచేది కాదు. "ఊరందరికీ టికెట్లు కొట్టి, నాకు మాత్రం గురక మిగులుస్తారు," అని దెప్పేది. ఆయన నవ్వేసి అటు తిరిగి పడుకునేవాడు.

ఆయన రిటైరయ్యే రోజుల్లో ఆడవాళ్ల సంఘం వాళ్లు పుట్టగొడుగుల పెంపకం నేర్పిస్తామంటే ఊసుపోక వెళ్లింది. మొదటి సంచి కుళ్లి కంపు కొట్టింది. రెండోది పచ్చబూజు పట్టింది. "చక్కటి గడ్డిని పెంట చేస్తున్నావు కదే," అని మొగుడు ఎగతాళి చేశాడు. దాంతో ఆవిడకి పౌరుషం పొడుచుకొచ్చింది. గడ్డి చిన్న ముక్కలుగా కోసి, నానబెట్టి, సలసలా కాగే నీళ్లలో ఉంచి తీసి, గుప్పిట్లో పిండితే చుక్క రాలకుండా ఆరబెట్టింది. ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం. విత్తనమంటే ఉడికిన గింజల మీద పెంచిన తెల్లటి బూజేనండి, ఇంకేం కాదు. అలా సంచిలో కూరి, చిల్లులు పొడిచి చీకట్లో పెట్టింది. గడ్డంతా దూది అల్లుకున్నట్టు తెల్లబడింది. ఆ తర్వాత కాస్త వెలుతురూ చెమ్మా తగిలేసరికి చిల్లుల్లోంచి గుండుసూది తలకాయల్లాంటి బుడిపెలు వచ్చాయి. మర్నాడు చూస్తే బొటనవేలంత, ఆ మర్నాడు అరచెయ్యంత.

ఆ రోజు ఆవిడ మొగుణ్ణి నిద్రలేపి మరీ తీసుకెళ్లి చూపించింది. మామూలు పుట్టగొడుగు అయితే మధ్యన కాడ, పైన గొడుగు. దీనిదంతా వేరే సోకు. పొట్టి కాడ ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. పైన చిప్ప విసనకర్రలా విచ్చుకుంటుంది. తిరగేస్తే సన్నని తెల్లటి మడతలు అంచు నుంచి మొదలై కాడ కిందిదాకా జారుతూ వస్తాయి. ఒకదాని మీద ఒకటి మెట్లు మెట్లుగా, ఒక్క గుత్తి రెండు చేతుల్లో పట్టనంత. కండక్టరు నోరు తెరిచి చూసి, "అబ్బో, టాపు మీద కూడా ఎక్కేశారే!" అన్నాడు. ఆవిడ పగలబడి నవ్వింది.

అక్కణ్ణించి ఆవిడ దశ తిరిగింది. షుగరున్న టీచరమ్మ కొనుక్కుంది. పక్క వీధిలో బాలింత తల్లి కొనుక్కుంది. కండలు పెంచే కుర్రాడొకడు వచ్చి పొద్దున్నే తలుపు బాదేవాడు. వచ్చినవాళ్లందరికీ గొడుగులమ్మ పాఠం చెప్పాల్సిందే. కొవ్వు లేదని, మాంసకృత్తులున్నాయని, పీచు ఉంది కాబట్టి కడుపు నిండుతుంది, షుగరు ఎగబాకదని, బీ విటమిన్లున్నాయని. "పచ్చిగా మాత్రం తిన్నారంటే కడుపు పట్టుకుని నా దగ్గరికి రావొద్దు, బాగా ఉడికించండి. ఇది మందు కాదు, కూర. ఇది తింటున్నాం కదా అని మాత్రలు మానేస్తే నా మీదికి రావొద్దు," అని కూడా చెప్పేది. మోసం చేసే మనిషి కాదు. వీధి ఆవిడకి గొడుగులమ్మ అని పేరు పెట్టింది. ఆ పేరు వినపడినప్పుడల్లా ఆవిడ భుజాలు కాస్త పైకి లేచేవి. కండక్టరు కాస్తా 'గొడుగులమ్మ గారి ఆయన' అయిపోయాడు. ఆయనేమీ నొచ్చుకోలేదు. పైపెచ్చు నలుగురిలో తనే అలా చెప్పుకునేవాడు.

ఒక్క చోట మాత్రం ఆవిడ పొరపాటు చేసింది. చిప్ప అంచు లోపలికి వంగి ఉండగానే కోసేయాలని నేర్పినావిడ చెప్పింది. కోసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమనీ చెప్పింది. కానీ కొనేవాళ్లకి పెద్దవి ముద్దు. పళ్లెమంత విచ్చుకున్న చిప్పని చూస్తే వాళ్ల కళ్లు మెరిసేవి. అందుకని ఈవిడ అంచులు పైకి తిరిగేదాకా వదిలేసేది. అలా ముదిరిన చిప్పల కింది నుంచి తెల్లటి పొడి రాలుతుంది. నేల మీద, కింది చిప్పల మీద, సంచుల మీద పిండి జల్లినట్టు పడుతుంది. ఆవిడ దాన్ని 'పంట పిండి' అనేది. అది పడితే పంట పక్వానికొచ్చిందని మురిసిపోయేది. చెమ్మ పోకూడదని కిటికీలకి తడి గోతాలు కట్టేసింది. ఇక మూతికి గుడ్డంటారా, "గుడ్డ కట్టుకుంటే కబుర్లెలా చెప్పుకుంటాం?" అన్నాడు కండక్టరు. అదీ నిజమే కదా అనుకుంది.

అవునండీ, కబుర్లు! పెళ్లయిన ఇన్నేళ్లకి మొగుడూ పెళ్లాం పక్కపక్కన నిలబడి పని చేసుకున్నది ఆ గదిలోనే. ఆయన స్టూలేసుకుని సంచుల కింద కూర్చుని గుత్తులు తుంచి ఇచ్చేవాడు, ఆవిడ కాడలు కోసి బుట్టలో సర్దేది. బస్సులో చూసిన చోద్యాలన్నీ అప్పుడు చెప్పేవాడు. గర్భిణికి సీటు ఇవ్వనన్న పెద్దమనిషి కథ, మేకపిల్లకి టికెట్ అడిగితే ఏడ్చేసిన ముసలాయన కథ. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే ఆ గది మాత్రం చల్లగా ఉండేది. మధ్యాహ్నాలు ఆయన అక్కడే కునుకు కూడా తీసేవాడు.

ఎండలు ముదిరాక ఆయనకి దగ్గు మొదలైంది. పగలంతా గదిలో పనిచేస్తే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీ మీద బండ పెట్టినట్టు ఆయాసం. తెల్లారేసరికి కాస్త తగ్గేది. మళ్లీ గదిలోకి. జలుబన్నారు, మందులిచ్చారు. మెట్లెక్కడం మానేశాడు. వీధి చివరి నుంచి పిలిస్తే ఇంట్లోకి వినపడే గొంతు గుసగుసలోకి దిగింది. ఆవిడ కంగారుపడి ఏం చేసిందో తెలుసా? బలానికని పూటపూటా పుట్టగొడుగుల సూప్ పట్టించింది. ఆయన కిక్కురుమనకుండా తాగేవాడు.

ఒకసారి ఆసుపత్రిలో పెట్టారు. న్యుమోనియా అన్నారు. అక్కడ నాలుగు రోజులుండేసరికి లేచి కూర్చున్నాడు, నర్సులతో పరాచికాలాడాడు. ఇంటికి తెచ్చారు. వారం తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారీ అంతే. "మీ ఆయనకి ఆసుపత్రి తిండి రుచి మరిగినట్టుంది," అని టీచరమ్మ వేళాకోళమాడింది. మూడోసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆయన పెదాలు నీలం తిరిగాయి. ఆటోలో ఆవిడ భుజం మీద వాలి, ఒక్కో శ్వాసకీ మెడ నరాలు బిగబట్టి లాగుతుంటే ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇదిగో, ఆ మూడోసారే లేడీ డాక్టరు పావురాల గురించి అడిగింది. అడుగుతూ ఒక మాట కూడా అంది. "ఈయన ఇక్కడ బాగుపడి ఇంటికెళ్లగానే చెడుతున్నాడంటే, మీ ఇంటి గాలిలోనే ఏదో ఉండాలమ్మా. అది తెలియకపోతే మందులతో నేనెన్నాళ్లు ఆపగలను?"

గొడుగులమ్మకి ఆ గది గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. అయితే ఆ మాట బయటపడితే ఏమవుతుందో కూడా గుర్తుకొచ్చింది. ఆ వార్డు నర్సు మరెవరో కాదు, ఆవిడ దగ్గర వారం వారం కొనే పిల్ల. పొద్దున్నే మందులివ్వడానికి వచ్చి, "ఆంటీ, మా అత్తగారికి మీ గొడుగులు తప్ప నోటికి ఏవీ పట్టడం లేదు, రేపు తెస్తారా?" అంది గట్టిగా. "ష్, ఇక్కడెందుకమ్మా ఆ కబుర్లు," అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. 'సొంత మొగుడి ప్రాణం మీదికి తెచ్చిన సరుకు మనకి అంటగట్టిందే' అని వీధి వీధంతా అనుకోదూ? మళ్లీ కండక్టరు గారి ఆవిడ అయిపోదూ? తింటే మంచి చేసేది పక్కనుంటే చెడెలా చేస్తుందిలే అని తనకి తనే సర్ది చెప్పుకుంది.

రెండు రోజులు పోయాక సాయంత్రం ఇంటికొచ్చింది. పంట ముదిరి కూర్చుంది, కోయాలి. తలుపు తీసేసరికి పడమటి ఎండ సందులోంచి గదిలోకి సూటిగా పడింది. ఆ వెలుగులో చిప్పల కింద నుంచి సన్నటి పొగ దిగుతోంది. పొగ కాదు, పొడి. ఊదొత్తి పొగలా మెలికలు తిరుగుతూ ఆగకుండా దిగుతోంది. ఇన్నాళ్లూ చూసిందే. కానీ అది ఎక్కడికి దిగుతోందో ఆ రోజే చూసింది. సరిగ్గా ఆయన స్టూలు మీదికి. స్టూలు పక్క గూట్లో ఆయన పాత కళ్లజోడు ఉంది. తీసి చూస్తే అద్దాల అవతల తన వేలు కనపడలేదు. తుడిచింది. వేలికి మెత్తగా, మందంగా తెల్లపొర అంటుకుంది. అద్దాల మీదే ఇంతుంటే ఆయన ఊపిరితిత్తుల్లో ఎంతుందో అనుకునేసరికి గడప మీద చతికిలబడింది.

తెలిసిపోయింది. ఇక తెలియనట్టు నటించడానికి లేదు. అయినా మనసు ఊరుకుంటుందా? గది తాళం పెట్టేస్తే సరి, ఆయన్ని లోపలికి రానివ్వకపోతే సరి, డాక్టరుకీ వీధికీ చెప్పనక్కర్లేదు అని ఒక దారి వెతుక్కుంది. ఆ దారి మంచిగానే తోచింది.

మర్నాడు వెళ్లేసరికి ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం తేటబడింది. "రేపు పంపించేస్తారట," అన్నాడు.

ఆవిడ మంచం దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "చూడండి, ఇక మీదట మీరు వెనక గదిలోకి రావద్దు. నేను చూసుకుంటా."

"ఏం, నన్ను డ్యూటీలోంచి తీసేశావా?"

"తమాషా కాదు. తాళం పెడతాను."

"తాళం పెడితే కిటికీలోంచి వస్తా." నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "పెట్టకే. నేను వస్తా," అన్నాడు.

ఆ రెండో మాట అన్న తీరు ఆవిడకి నచ్చలేదు. వేళాకోళం లేదందులో, బతిమాలుతున్నట్టుంది. ఎందుకు రావద్దంటున్నావని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరైనా ముందు అదే కదా అడుగుతారు? ఆవిడ ఆయన కళ్లలోకి చూసింది. ఆయన చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"మీకు తెలుసా?" అంది.

ఆయన దుప్పటి అంచు చేతిలోకి తీసుకున్నాడు.

"ఏవండీ, మిమ్మల్నే. ఆ పొడి వల్లే ఇదంతా అని మీకు తెలుసా?"

"మొదటిసారి ఇక్కణ్ణించి ఇంటికొచ్చినప్పుడే," అన్నాడు ఆయన దుప్పటి అంచు మడతపెడుతూ. "గదిలోకి వెళ్లని రోజు జ్వరం రాలేదు. వెళ్లిన రోజు వచ్చింది. అంత తెలియకపోవడానికి నేనేం చిన్నపిల్లాణ్ణా?"

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "తెలిసి... తెలిసి లోపలికొచ్చి కూర్చున్నారా? ఒక్క ముక్క నాతో చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"చెప్తే గది మూసేస్తావు." ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "నా సర్వీసంతా ఊళ్లో వాళ్లందరి పక్కనా నించున్నానే. నీ పక్కన కూర్చున్నది ఆ గదిలోనే. అది కాస్తా మూసేస్తే నువ్వు వంటింట్లోకి పోతావు, నేను వీధరుగు మీదికి పోతాను. ఇంకేముంది?"

గొడుగులమ్మకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందో తెలియలేదు. తను వీధిలో పేరు కోసం నోరు మూసుకుంది, ఈ మనిషి తన పక్కన కూర్చోవడం కోసం నోరు మూసుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ డాక్టరు పిల్లని పావురాల చుట్టూ తిప్పారు. సిగ్గుతో ఆవిడకి తల తీసేసినట్టయింది. లేచి నిలబడింది.

"ఎక్కడికే?" అన్నాడు ఆయన కంగారుగా.

"మీ నోరు, నా నోరు రెండూ విప్పడానికి."

డాక్టరు వార్డు మధ్యలో ఉంది. పక్కనే ఆ నర్సు పిల్ల. గొడుగులమ్మ వెళ్లి అందరి ముందే అంది. "అమ్మా, మొన్న మీరు గడ్డి ఉందా అంటే పశువుల్లేవని చెప్పాను. ఉంది. గదినిండా ఉంది. నేను పుట్టగొడుగులు పెంచుతాను. అవి ముదిరి రాల్చే పొడి కిందే మా ఆయన రోజూ కూర్చుంటాడు. తలుపులూ కిటికీలూ మూసిపెట్టింది నేనే."

నర్సు చేతిలో మందుల ట్రే అలాగే ఉండిపోయింది. డాక్టరు కోప్పడుతుందనుకుంది గొడుగులమ్మ. కోప్పడలేదు. కుర్చీ చూపించి కూర్చోబెట్టింది. ఆ పొడి పుట్టగొడుగుల బీజరేణువులని, అది అందరికీ హాని చెయ్యదని, కొందరి ఊపిరితిత్తులు మాత్రం దాన్ని శత్రువులా చూసి వాచిపోతాయని చెప్పింది. ఉడికించి తినేవాళ్లకి దీనితో ఏ ఇబ్బందీ లేదంది. "కానీ ఈయన ఊపిరితిత్తి ఇప్పటికే కొంత గట్టిపడింది," అంది స్కాను చూపిస్తూ. "పోయిన శ్వాసంతా తిరిగి రాకపోవచ్చు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఆయన మళ్లీ ఆ గాలి పీల్చకూడదు. పక్క గదిలో ఉన్నా కష్టమే. మీ బట్టల మీద, జుట్టులో వెళ్లేది కూడా ఆయనకి ఎక్కువే."

"తాళం పెడితే చాలదా?"

"చాలదమ్మా. ఇల్లు శుభ్రమయ్యేదాకా ఆయన్ని పంపను."

గొడుగులమ్మ ఇంటికొచ్చి ముక్కుకీ మూతికీ రెండు మడతల గుడ్డ కట్టుకుంది. కిటికీలకి కట్టిన గోతాలు పీకేసింది. పొడి లేవకుండా సంచుల మీద నీళ్లు కొట్టి ఒక్కొక్కటే దించింది. కొన్ని సంచుల నుంచి అప్పుడే కొత్త బుడిపెలు పొడుచుకొస్తున్నాయి, ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. వాటి దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. "మీదేం తప్పు లేదే," అని వాటితో అని, వాటినీ దించేసింది. అన్నింటినీ మునిసిపాలిటీ బండిలోకి ఎత్తించింది. గోడలు, నేల, పైకప్పు కడిగింది. స్టూలు కూడా బండెక్కించింది.

కొనడానికొచ్చిన టీచరమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. గొడుగులమ్మ ఏమీ దాచలేదు, మొత్తం చెప్పేసింది. టీచరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "మరి మేం ఇన్నాళ్లూ తిన్నామే!" అంది.

"తిన్నారు, మంచిదే. ఇక ముందు కూడా తినండి, ఎవరి దగ్గరైనా కొనుక్కుని. వాటి తప్పు కాదు టీచరుగారూ, ముదరబెట్టిన నాది."

టీచరమ్మ ఏమనుకుందో మొహంలో తెలియలేదు. వీధిలోకి వెళ్లి ఇంకెవరితోనో మాట్లాడటం వినపడింది. గొడుగులమ్మ చెవి పెట్టి వినలేదు, చీపురు తీసుకుని మళ్లీ లోపలికెళ్లింది.

పని అయ్యేసరికి ఆసుపత్రిలో చూడనిచ్చే వేళ దాటిపోతోంది. ఆయన ఎదురు చూస్తుంటాడని చీర మార్చుకోకుండానే, గుడ్డ విప్పేసి పరుగున వెళ్లింది. వార్డు గుమ్మం దాకా వెళ్లి టక్కున ఆగిపోయింది. చెయ్యెత్తి జుట్టు తడుముకుంది. వేళ్లకి తెల్లగా అంటుకుంది.

ఆయన చూసి చెయ్యి చాపాడు. "రా."

ఆవిడ కదల్లేదు.

"అలిగావా? రావే, ఇలా కూర్చో." మంచం మీద పక్కన చోటు చూపించాడు.

"రాను!" అంది గుమ్మంలోంచే, వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా. "నా ఒంటి నిండా ఉందది. దగ్గరికి రాను."

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉంది. "కొంచెమేగా. ఏం కాదులే."

"ఆ కొంచెమే చంపుతుందట మిమ్మల్ని!" కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు మొహం దాకా తెచ్చి, వాటినీ చూసి, కిందికి దించేసింది. "గది ఖాళీ చేశాను. ఇంటికెళ్లి తలంటుకుని, ఈ చీర ఉతుక్కుని రేపొస్తాను. వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ పక్కనే కూర్చుంటాను. వంటా లేదు, వార్పూ లేదు. విన్నారా?"

ఆయన తలూపాడు. ఆవిడ నాలుగు అడుగులు వెనక్కి వేసి, గుమ్మం అవతల నిలబడి, నర్సు వచ్చి తలుపు మూసేదాకా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.